ఇంకొక తూరి చూస్తామా

మెడ ఎత్తి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పదకొండో ఇంటి మీటరు చదివాడు వేలాయుధం. మేకుకు వేలాడుతున్న కరెంటు బోర్డువాళ్ల ఈబీ కార్డులో అంకె రాసి గేటు వేశాడు. ఇరవై ఆరేళ్లుగా ఆయన చేసే పని ఇంతే. పొద్దున్నే తిరుత్తణిలో కరెంటు రైలు ఎక్కడం, మణవాళనగర్ వీధుల్లో మీటర్లు చదవడం, సాయంత్రం అదే రైల్లో వెనక్కి. ఎండకు కమిలిన మెడ, ఒకవైపే అరిగిన చెప్పులు, చెమటకు రంగు పోయిన చొక్కా. ఈ వీధిలో ఆయన పేరు ఎవరికీ తెలియదు. "ఈబీ వచ్చినాడు" అంటారు, అంతే.

ఈ రోజు మాత్రం ఒక్కో గేటు దాటగానే ముందున్న ఇళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు. పంతొమ్మిదో ఇల్లు పచ్చయ్యప్పది.

పచ్చయ్యప్ప రిటైరైన డ్రాయింగ్ మాస్టరు. పన్నెండేళ్ల కిందట మీటరు చదువుతున్న వేలాయుధాన్ని ఆపి, గోడ మీది పిట్టను చూపించి పేరు చెప్పింది ఆయనే. అప్పటినుంచీ ఆదివారం వస్తే ఇద్దరూ పూండి రిజర్వాయరు కట్ట మీద, పిట్టల్ని చూసే గుంపులో ఉండాల్సిందే. ఆ గుంపుకు పచ్చయ్యప్ప పెట్టిన కట్టుబాటు ఒకటే. ఎవరైనా పిట్ట పేరు తప్పుగా చెబితే తప్పు అనకూడదు. "ఇంకొక తూరి చూస్తామా?" అని మాత్రమే అడగాలి. మళ్లీ చూసినవాడు తనే దిద్దుకుంటాడు.

"పదిమందిలో మొగం చిన్నబోతే, ఆ మనిషి మళ్లా కట్ట ఎక్కడు రా వేలూ" అనేవాడు.

ఇంత చెప్పించుకున్న వేలాయుధం చేసిందేమిటి? రెండు నెలలకొకసారి వచ్చే రీడింగ్ పోయినసారి అయిన రెండో రోజే, ఆదివారం, తీగ మీది నీలి పిట్టను చూపించి "అదో, పాలపిట్ట!" అన్నాడు పచ్చయ్యప్ప. కొత్తగా వచ్చిన కాలేజీ పిల్లలున్నారు. వాళ్ల ముందు తనకూ తెలుసని చూపించుకోవాలన్న దురద వేలాయుధానికి!

"పాలపిట్ట యాడుంది అన్నా? చేపలు పట్టే మీన్‌కొత్తి గదా! అంత ఎర్ర ముక్కు అవుపడలేదా నీకు?"

అందరూ గొల్లున నవ్వారు. పచ్చయ్యప్పా నవ్వాడు. మరుసటి ఆదివారం ఆయన రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు.

పాడు నోరు! ఫోన్ తీసి, ఆయన పేరు దాకా వెళ్లి, ఎన్నిసార్లు పెట్టేశాడో. సిగ్గు. రీడింగ్ తేదీ ఎలాగూ వస్తుంది, ఆ వంకతో వెళ్లి చేతులు పట్టుకుందాంలే అనుకున్నాడు. అనుకుంటూనే రెండు నెలలు గడిపేశాడు.

పంతొమ్మిదో ఇంటి మీటరు చదివి, అందులోంచి కార్డులోని పాత అంకె తీసేశాడు. ముప్పై ఒక్క యూనిట్లు. ఎప్పుడూ రెండు వందలకు తగ్గని ఇల్లు. చదవడంలో పొరపాటు పడ్డాననుకున్నాడు. అద్దాలు తుడుచుకుని ఇంకొక తూరి చూశాడు. ముప్పై ఒకటే.

లోపల పచ్చయ్యప్ప కూతురు కోకిల అట్టపెట్టెల్లో సామాన్లు సర్దుతోంది.

"అన్న యాడమ్మా?"

"నీకు తెలీదా చిన్నాయనా? నాయన పోయి నెలన్నర ఆయె. ఆస్పత్రిలో నాలుగు దినాలే ఉన్నాడు. మా ఊరు అత్తిమంజేరిపేటకి తీసకపోయి ఆడనే అన్నీ చేసేస్తిమి. ఇల్లు అప్పుట్నించీ బీగమే. ఆయన ఫోన్ తెరిచేదానికి నంబరు తెలీలా నాకు, నీకు ఎట్ల చెప్పేది?" కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఒక కన్ను ఎప్పుడో పోయుండె. రెండోది మసక. ఎవురికీ చెప్పొద్దనె. మా వేలు కండ్లు ఉండాయి గదా, నాకవి చాలు అనేవాడు."

వేలాయుధం అరుగు మీద కూలబడ్డాడు. అవుపడలేదా అని అడిగాడు తను. చూపు లేని మనిషిని, పదిమందిలో, అవుపడలేదా అని! నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

కోకిల ఒక పెట్టెలోంచి, పచ్చయ్యప్ప చూసిన పిట్టల పేర్లు రాసుకునే నోటుబుక్కు తీసి ఆయన ఒళ్లో పెట్టింది. చివరి పేజీలో ఆ ఆదివారం తేదీ. అరవమైతే గబగబా చదివేవాడే, తెలుగు అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. వంకర్లు పోయిన పెద్ద పెద్ద అక్షరాలు.

"పాలపిట్ట. కాదు మీన్‌కొత్తి అంటాడు వేలు. ఇంకొక తూరి చూస్తామా?"

"చూస్తాం అన్నా" అన్నాడు వేలాయుధం.

నోటుబుక్కుకు దారంతో కట్టిన పొట్టి పెన్సిలు ఆ పేజీ పక్కన వేలాడుతోంది.