నీళ్ళ వంతు

నేను ఒక ఇనుప కడ్డీని. ఓ వెల్డింగ్ షాపులో నిప్పురవ్వల మధ్య పుట్టాను. ఊళ్ళో మంచినీళ్ళ వాల్వులు తిప్పడం నా పని. నాలో చెప్పుకోదగ్గ అందమేమీ లేదు కానీ, నేను ఎవరి ఇంట ఉంటే వాళ్ళ వాకిట్లోనే మొదట నీళ్ళు పడేవి.

చాలా ఏళ్ళు మాజీ సర్పంచి రాజిరెడ్డి పటేలు వరండాలో ఉన్నాను. నీళ్ళు వదిలే సాయిలు రోజూ ఆయన్ను అడిగి నన్ను తీసుకెళ్ళేవాడు. పెద్ద వీధి ఇళ్ళలో నీళ్ళు పట్టుకునే గోలేలు నిండి పొర్లాకే చివరి కాలనీకి సన్నటి ధార చేరేది.

ఆ కాలనీలో బీడీలు చుట్టే లస్మవ్వ మహిళా రిజర్వేషన్‌లో సర్పంచిగా గెలిచింది. ప్రమాణం చేసిన మర్నాడే పటేలు ఇంటికొచ్చింది.

"పటేలా, వాల్వు కడ్డీ ఇయ్యుండ్రి."

"నీకెందుకవ్వా గీ మొరటు పని? నీ పెనిమిటిని పంపు, మేం మాట్లాడుకుంటం."

"ఓట్లు నాకు పడ్డయి. మాట్లాడేదుంటే నాతోనే మాట్లాడుండ్రి."

పటేలు నవ్వాడు. ఆమె నవ్వలేదు. వరండా ఎక్కి నన్ను అందుకుంది. నన్ను భుజాన వేసుకుని మెట్లు దిగింది.

కాలనీ వాల్వు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. లస్మవ్వ ఎంత తిప్పినా కదల్లేదు. కాసేపు చూసి సాయిలు కూడా చెయ్యి వేశాడు. ఆ పొద్దు కాలనీలో బిందెలు నిండాయి.

అప్పటినుంచి ఒకరోజు కాలనీకి ముందు, ఒకరోజు పెద్ద వీధికి ముందు. లస్మవ్వ తోడికోడలు మండిపడింది.

"కడ్డీ మన చేతికొచ్చినంక గూడ వాళ్ళకు ముందెందుకే? ఇన్నేండ్లు మనం ఎండలేదా?"

"ఎండినం అక్కా. అందుకే ఇంకొకళ్ళను ఎండబెట్ట."

తోడికోడలు నెలరోజులు ఆమెతో మాట్లాడలేదు. గెలిపించిన వాడకే చేదైపోయానని లస్మవ్వ బాధపడింది, కానీ వంతు మార్చలేదు.

ఐదేళ్ళు గడిచాయి. రిజర్వేషన్ మారి, పటేలు తమ్ముడి కొడుకు సర్పంచి అయ్యాడు. మొదటి రోజే నన్ను పట్టుకుని పెద్ద వీధి వాల్వు దగ్గరికి నడిచాడు. నా పాత రోజులు తిరిగొచ్చాయనుకున్నాను.

పటేలు కోడలు బిందెతో గేటు దగ్గర నిలబడి ఉంది.

"ఇయ్యాల మా వంతు గాదు బావా. కాలనోళ్ళది."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. వెనక్కి తిరిగి కాలనీ దారి పట్టాడు. ఆమె ఖాళీ బిందెతో లోపలికి వెళ్ళింది.