ఇంకొక్క లెక్క

"మంటలు. అందరూ బయటికి పరిగెత్తండి." గుమ్మంలో నిలబడి ప్రిన్సిపాల్ మేడమ్ గొంతు చించుకుంది.

"అర్థమైంది మేడమ్," అంది తొమ్మిదో తరగతి ముక్తకంఠంతో. ఒక్కరూ కదల్లేదు.

స్విచ్‌బోర్డు నుంచి రాలిన నిప్పురవ్వకి మూలనున్న చెత్తబుట్ట అంటుకుంది. పొగ మొదటి బెంచీ దాకా వచ్చింది. పిల్లలు ఆ పొగలోంచే బోర్డు వైపు చూస్తూ నోటుపుస్తకాల్లో రాసుకుంటున్నారు. బోర్డు మీద ఏమీ లేదు. చివరికి మేడమే బకెట్టు తెచ్చి గుమ్మరించింది. సగం నీళ్లు బుట్టలో, సగం పిల్లల మీద పడ్డాయి. తడిసినవాళ్లు తడిసినట్టే కూర్చుని మళ్లీ అదే మాట అన్నారు.

మొన్నటి నుంచీ ఆ గది అంతే. డాక్టరు వచ్చి ఒకడి మోకాలి మీద చిన్న సుత్తితో కొడితే కాలు లేవలేదు కానీ, "అర్థమైంది సార్" అని మాత్రం వినపడింది. రోగమేమీ లేదన్నాడు డాక్టరు. నిండుకుండ తొణకదంటారే, వీళ్ల బుర్రలు ఆ స్థితికొచ్చాయి, మధ్యలో కాస్త ఊపిరాడక గడ్డకట్టాయి, ఎవరో వీళ్ల విరామాలు కాజేస్తున్నారు, ముందు ఆ దొంగని పట్టుకోండి అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ మాట వినగానే లెక్కల మాస్టారు చొక్కా చేతులు పైకి మడిచాడు. రెండో బెంచీలో చివర కూర్చున్నది ఆయన కూతురే. కంచం ముందు కూర్చోబెట్టి తినమ్మా అంటే, ఆ పిల్ల కన్నతండ్రి మొహంలోకి చూస్తూ "అర్థమైంది సార్" అంది. కలిపిన ముద్ద ఆయన చేతిలోనే ఎండిపోయింది. దాని నోట మళ్లీ నాన్న అన్న మాట వచ్చేదాకా తనతో మాట్లాడొద్దని భార్య తలుపేసుకుంది.

"వాడు నా చేతికి చిక్కాలి మేడమ్. తోలు తీస్తాను," అన్నాడు.

"తీద్దురుగాని. ముందు చిక్కనివ్వండి."

స్టాఫ్‌రూమ్‌లో విచారణ మొదలైంది. బెల్ సరిగా వినపడటం లేదేమోనని మేడమ్ స్వయంగా నిలబడి ఇంటర్వెల్ బెల్ కొట్టించింది. ఖంగుమంటూ ఊరంతా వినపడింది. తన పీరియడ్‌లో పిల్లలకంటే ముందు తనకే నిద్రొస్తుందని సైన్సు టీచరు ఒప్పుకుంది. డ్రిల్లు మాస్టారు తన పీరియడ్ ఎటు పోతోందో ఏదో చెప్పబోతే, లెక్కల మాస్టారు కసిరి కూర్చోబెట్టాడు. కబుర్లతో దొంగలు దొరకరని, దీనికి పద్ధతి వేరే ఉందని తొమ్మిదో తరగతిలోకి దూసుకెళ్లి, బోర్డు మీద బరబరా రాశాడు. దొంగ ఎక్స్ అనుకుందాం.

"పోయిన విరామాలు ఇటు. అనుమానితులు అటు. అర్థమైందా?"

"అర్థమైంది సార్."

డ్రిల్లు మాస్టారిని ఇటు తెచ్చి మైనస్ చేశాడు. సైన్సు టీచరుని కొట్టేశాడు. మేడమ్‌ని బ్రాకెట్‌లో పెట్టాడు. బోర్డు చాలక గోడ మీదికెక్కాడు. అప్పుడే ఇంటర్వెల్ బెల్ మోగింది. మాస్టారు వెనక్కి తిరగకుండానే ఎడంచెయ్యి పైకెత్తాడు.

"కూర్చోండి, కూర్చోండి. ఇంకొక్క లెక్క."

గుమ్మంలో ఉన్న మేడమ్ కళ్లు చిట్లించింది. పిల్లలకి నోరున్న రోజుల్లో వరండాలో చెవినపడే మారుపేరు ఆమెకి గుర్తొచ్చింది. ఇంకొక్క లెక్క మాస్టారు.

ఇంతలో సుద్దముక్క అరిగిపోయి ఆయన గోరు గోడకి గీసుకుంది. డబ్బాలో చూస్తే పొడి తప్ప ఏమీ లేదు.

"నేను తెస్తాను మాస్టారూ. నేనొచ్చేదాకా మీరు ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు," అని మేడమ్ వెళ్లింది. వెళ్లినావిడ ఎంతకీ రాలేదు.

రాయడానికి లేదు, మాట్లాడడానికి లేదు. మాస్టారు కూతురి పక్కన కూలబడ్డాడు. ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. ఎవడో తడి చొక్కా అంచు పిండుకున్నాడు. వెనక బెంచీలో ఒక ఆవలింత పుట్టి, బెంచీలు దాటుకుంటూ ముందుకొచ్చి, మాస్టారి నోరు కూడా తెరిపించింది. కిటికీ అవతల పిల్లి గోడ ఎక్కబోయి జారింది. ఎవరో కిసుక్కుమన్నారు. కూతురు ఒళ్లు విరుచుకుని, తల విదిలించి, బోర్డు నుంచి గోడ దాకా ఆ లెక్కంతా నింపాదిగా చదివింది.

మాస్టారు ఒట్టు గట్టున పెట్టాడు.

"అమ్మలూ, చెప్పు. ఎక్స్ ఎవరు?"

"నాన్న."

ఆయన కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. కూతురి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పిలిచావా తల్లీ. ఏదీ, ఇంకొక్కసారి పిలువు."

"నాన్నా అని పిలవలేదు," అంది ఆ పిల్ల. "నాన్న అని జవాబు చెప్పాను. ఎక్స్ ఈక్వల్ టు నాన్న."