జాజి కోసం పెట్టిన సెలవు

“పిల్లి కక్కినాది, కొంచెం కడుగు,” అంటూ దాన్ని దాటుకొని, లారీ తాళాలు తీసుకొని వెళ్లిపోయాడు రాజ్ కుమార్.

ఆ ఇంట్లో ఎవరు కక్కినా కడిగేది అతని భార్య కృపమణే. పిండి చేతులు తుడుచుకొని గుడ్డ తెచ్చి కూర్చున్నాక చూసింది జాజిని. నీళ్ల గిన్నె మీదికి తల వాల్చి ఉంది గానీ తాగడం లేదు. చైనాకు పోయే ఇనుపరాయి లారీల దుమ్ముకు బళ్ళారి వీధులన్నీ ఎర్రబడిన రోజులవి. జాజి రోజూ ఒళ్లంతా నాక్కొని మళ్లీ తెల్లబడేది. ఆ రోజు ఎర్రగానే ఉండిపోయింది.

పశువుల డాక్టరు సరోజినీదేవి పొట్ట తడిమి చూసింది. “వైరస్ అమ్మా. పెద్ద జబ్బే. మనకు అంటదు గానీ పిల్లులు బతికేది తక్కువ. ఆ వైరస్‌ను చంపే మందు లేదు. వాంతులకు సూది వేస్తా, పూటపూటా చర్మం కింద సెలైన్ ఎక్కించాల. వెచ్చగా పెట్టి, పక్కన మనిషి ఉండాల. ఎవరుండారు ఇంట్లో?”

“నేనే మేడం.”

అనేసింది గానీ, పగలంతా ఆమె ఉండేది కనకప్ప లారీ ఆఫీసులో, కంప్యూటరు ముందు. సెలవులు లేక కాదు. అత్త కంటి ఆపరేషన్‌కు పెట్టింది, రాజ్ కుమార్ కామెర్లకు పెట్టింది, ఆడబిడ్డ కాన్పుకు పెట్టింది. తనకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మాత్రం “కూర్చొని చేసే పనే గదా, మాత్ర వేస్కొని పో” అన్నాడు రాజ్ కుమార్. పోయింది. గోడకు ఆనుకొని టైపు చేసింది, బిల్లులో తప్పు దొర్లితే మాట పడింది. జబ్బు మనిషి పక్కన కూర్చోవడం ఆమెకు బాగా తెలుసు. తన పక్కన ఎవరైనా కూర్చుంటే ఎలా ఉంటుందో తెలియదు.

“రజా ఎవరికి కృపమ్మా, అత్తకా?” అన్నాడు కనకప్ప, ఆమె సెలవు చీటీ అందుకుంటూ.

జ్వరమని చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలేదు. “పిల్లికి సార్. వారం కావాల.”

కనకప్ప నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి, “సరే పో,” అన్నాడు.

జాజిని పాత చీరలో చుట్టి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆసుపత్రికి ఎత్తుకుపోయింది. వేడినీళ్ల సీసా పక్కన పెట్టింది. బ్లీచింగుతో నేల కడిగింది. మిగతా పొద్దంతా దాని చెవుల మధ్య వేలితో రాస్తూ, ఎవరితోనూ చెప్పని మాటలన్నీ దానికి చెప్పింది.

“నాక్కూడా ఇంత చెయ్యలేదు నువ్వు,” అన్నాడు రాజ్ కుమార్ గుమ్మంలో నిలబడి.

“చేసినాను. నువ్వు చూళ్లేదు,” అంది ఆమె, నిష్ఠూరమేమీ లేకుండా.

ఒక మధ్యాహ్నం జాజి వణుకుతూ లేచి గిన్నెలో నీళ్లు తాగింది. కక్కలేదు. కాసేపటికి ముందుకాలు ఎత్తి నాక్కోవడం మొదలుపెట్టింది. కృపమణి నేలమీదే కూలబడి ఏడ్చింది.

రాజ్ కుమార్ కూడా దాని వీపు నిమిరాడు. “బాగయినాది పాపం. నీకింకా రజా ఉండాది గదా, రేపు అమ్మను పిలిపిస్తా. పండ్ల డాక్టరుకు చూపిచ్చు.”

“నువ్వు తీస్కపో.”

“నువ్వేం చేస్తావు?”

“పండుకుంటా.”

“ఏమైనాది? ఒళ్లు బాగలేదా?”

“బాగుండాది,” అంది కృపమణి. జాజి పక్కన చాప పరుచుకొని, పట్టపగలు, ఏ జబ్బూ లేకుండా పడుకుంది.