ఏటికి మూలలుండవు

ఏరు రేపో మాపో పొంగుతుందని కబురొచ్చింది. సహాయ కార్యాలయంలో పటాలు గీసే ఆమె పొద్దుటినుంచి కుర్చీ వదల్లేదు. ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో ఇళ్ల కప్పులు లెక్కబెట్టి, జనముండి మునిగేచోటికి ఎరుపూ, నీళ్లకు నీలమూ వేస్తుంది కంప్యూటర్. దానికా పని నేర్పింది ఈమే. ఎరుపున్న చోటికే పడవలూ తిండిగింజలూ వెళ్తాయి. సాయంత్రం పెద్దసారు సంతకం పెట్టాడంటే ఇక మార్చడం బ్రహ్మతరం కాదు.

మధ్యాహ్నం పిన్ని బట్టలమూట చంకనబెట్టుకుని వచ్చింది. తల్లి పోయాక ఈమెను పెంచింది పిన్నే. ఉండేది ఏటిగట్టు కింద. మూట మీ ఇంట్లో పెట్టుకోమంది. నువ్వూ వచ్చెయ్యమంటే, మా వాడంతా అక్కడుంటే నేనొక్కదాన్నీ మేడెక్కి కూర్చోనా అని కసిరింది. తర్వాత తెరలోకి తొంగిచూసి, తన గుడిసె చూపించమంది.

ఈమె వంతెన దగ్గర్నుంచి వేలు కిందికి జరిపింది. గట్టు కిందంతా నీలమే.

"బతికుండగానే ఏట్లో కలిపేశావటే నన్ను?" అని నవ్వింది పిన్ని.

ఈమెకు నవ్వు రాలేదు. ఫొటో పెద్దది చేసింది. అవి నీళ్లు కావు. పోయిన వరదకు కప్పులు కొట్టుకుపోతే ఈ కార్యాలయమే ఇంటికొకటి పంచిన నీలం టార్పాలిన్లు. నీలమైతే నీరేనని కంప్యూటర్‌కు చెప్పింది తనే. అప్పుడు అందరికన్నా ఎక్కువ పోగొట్టుకున్నవాళ్లు ఇప్పుడు లెక్కలోంచే పోయారు.

ఏటికి మూలలుండవు, గుడిసెకుంటాయి. మూలలున్న నీలాన్ని ఇంటికింద లెక్కగట్టమని మళ్లీ నేర్పింది. కాసేపటికి గట్టు కింద ఎరుపు దిగింది, పటం మొత్తంలోకీ ముదురుగా.

"అంత ఎరుపేమిటే?"

"ముందు మునిగేది మీరే, పిన్నీ."

పెద్దసారు చెడ్డవాడు కాదు. ఆమె తీసుకెళ్లిన కొత్త పటాన్ని చూశాడు. ఉన్న పడవలన్నీ పంచేశామన్నాడు. తలకు లాగితే కాళ్లకు చాలని దుప్పటి.

"ఒకచోట తీస్తేగానీ ఇక్కడికి రాదు. ఎక్కడ తియ్యమంటావమ్మా?"

ఆమె ఒక వీధిమీద వేలుపెట్టింది.

"ఇది మీ వీధి కదూ?"

"అవును సార్. మా వీధిలో మేడలున్నాయి. పైకెక్కి కూర్చుంటాం."

తమ ఇంటి కింది వాటాలో మంచం దిగలేని మామగారున్నారన్న మాట ఆమె అనలేదు. సారు సంతకం పెట్టాడు.

పక్కనే ఉండి అంతా విన్న పిన్ని, మెట్లు దిగుతూ ఆగింది.

"మీ ఆయన ఊళ్లో లేడుగా. మీ మామగారిని ఎవరెత్తుతారే?"



చీకటిపడే వేళకు పిన్ని గట్టు కింది మగవాళ్లను నలుగురిని వెంటబెట్టుకుని ఆమె ఇంటికొచ్చింది. వాళ్ల గుడిసెల్లో సామాను ఇంకా సర్దనేలేదు. మంచాన్ని నాలుగు మూలలా పట్టుకుని మేడమెట్లెక్కించారు. నన్ను బతికుండగానే మోస్తున్నారేమిట్రా అని ముసలాయన దారిపొడవునా సణిగాడు. మంచం దించి, మంచినీళ్లయినా తాగకుండా వాళ్లు గట్టుకేసి వెళ్లిపోయారు. పిన్నీ వాళ్ల వెనకే వెళ్లింది, మూట మాత్రం వదిలి.