చెరలో పెరడు

తెల్లవారేసరికి సముద్రం వైపు మబ్బు పట్టింది. చూస్తుండగానే విడిపోయింది. ఆకాశం ఎండిపోయిన సున్నపు తొట్టిలా తెల్లగా మిగిలింది. కృపానిధి అప్పటికే పెరట్లో బీరపాదుకు చెంబుతో నీళ్లు పోస్తున్నాడు. అరవై నాలుగేళ్ల మనిషి. వంగితే వెన్నుపూసలు ఒక్కొక్కటీ కనబడతాయి. కుడిచేతి బొటనవేలికి గోరు లేదు. పాతూరు చర్చికి రాళ్లెత్తినప్పుడు పోయింది. ఆ చర్చీ ఇప్పుడు లేదు.

మూడేళ్ల క్రితం గోదాముల కంపెనీ కోసం పాతూరును ఖాళీ చేయించి, భోగాపురం దారిలో ఈ కాలనీలో పెట్టారు. వచ్చిన మొదటి ఆదివారం పాస్టరు జాన్ గారు రేకుల షెడ్డులో నిలబడి, బబులోను చెరలో ఉన్న యూదులకు యిర్మీయా ప్రవక్త పంపిన ఉత్తరం గురించి చెప్పారు. రేపో ఎల్లుండో తిరిగి పోతామని కూర్చోవద్దన్నాడట. అక్కడే ఇళ్లు కట్టుకుని, తోటలు వేసుకుని, తమను పట్టుకుపోయిన ఆ పట్నమే బాగుండాలని ప్రార్థన చెయ్యమన్నాడట. మిగిలినవాళ్లు విని ఇళ్లకు పోయారు. కృపానిధి విన్నది విన్నట్టు చేశాడు. అందరికంటే ముందు గోడలు లేపాడు. పెరట్లో పాదులు పెట్టాడు. కంపెనీలో మొక్కలకు నీళ్లు పోసే పనిలో చేరి, ముద్ద నోట పెట్టే ముందు రోజూ ఆ కంపెనీ బాగుండాలని ప్రార్థించాడు.

చద్దిగిన్నె పట్టుకుని వీధిలోకి రాగానే అరుగు మీద నుంచి జోగయ్య కేకేశాడు. పాతూరులో ఇద్దరివీ పక్కపక్క పొలాలు.

"ఏటి మావా, బబులోనుకి డూటీకేనా?"

"ఆఁ."

"మీ రాజుగోరిని అడిగినానని సెప్పు. మా కొబ్బరిసెట్లు కులాసాగున్నాయా అని."

"సెప్తాను. నువ్వా అరుగు దిగొచ్చని సీటీ కూడా రాయించుకొస్తాను."

జోగయ్య నవ్వాడు. కృపానిధి నవ్వకుండానే నడిచాడు.

ఆ పనిలో చేరడానికి ఇంకో కారణం ఉంది. అది కూతురు షీబాకే తెలుసు. పాతూరు సమాధులన్నీ కంపెనీ గోడ లోపల పడి, గోదాముల కిందకు పోయాయి. చివరి వరసలో అతని భార్య లీలారాణిది ఒక్కటే మిగిలింది. చుట్టూ గన్నేరు నాటి దాన్ని కనబడకుండా చేశాడు. పక్కన ఒక మనిషికి సరిపడా చోటుంది. "నన్ను కూడా అక్కడే పెట్టండే," అని షీబాకు చెప్పాడు.

ఊరు ఖాళీ చేయించే ముందు సర్వేవాళ్లు వచ్చినప్పుడు సంఘ పెద్ద అతనే. ఇల్లు, బావి, చెట్టు, కోళ్లగూడు అన్నిటికీ వెలకట్టి రాసుకుని, సమాధులెన్నని అడిగారు.

"సచ్చిపోయినోలికి ఎల కడతారేటి? రాయకండి," అన్నాడు.

వాళ్లు రాయలేదు. బీడు అని రాశారు. కింద సంతకం అతనిదే. సమాధులే లేని ఊరికి శ్మశానం ఎందుకని కాలనీలో అందుకు స్థలం ఇవ్వలేదు.

ఆ రోజు తొమ్మిది గంటలకు సూపర్‌వైజరు ధర్మేంద్ర వచ్చాడు.

"తాతా, రేపు పెద్ద సార్లు వత్తన్నారు. ఆ గన్నేర్లు పీకేసి గడ్డి పరిసీయాల."

"అక్కడ మా ఆడమనిషి ఉన్నాది బాబూ."

ధర్మేంద్ర ఫోనులో కాగితం తెరిచి చూశాడు. "ఇక్కడేటీ నేదు. బీడు. సంతకం నీదే గదా?" గొంతులో కోపం లేదు. "నువ్వు సెయ్యనంటే పొక్లెయిను పిలుస్తాను."

పొక్లెయిను పళ్లు ఎంత లోతుకు దిగుతాయో కృపానిధి చూసినవాడు.

"ఒద్దు. నేనే సేస్తాను."

గన్నేర్లు పీకాడు. గునపంతో సిమెంటు శిలువను కదిలించి, పక్కనే గొయ్యి తీసి, బోర్లా పడుకోబెట్టి మట్టి కప్పాడు. గుట్టను పారతో చదును చెయ్యలేక చేతులతో చేశాడు. చాపల్లా చుట్టి తెచ్చిన గడ్డిని దాని మీద పరిచి, నీళ్ల గొట్టం వదిలాడు. తర్వాత గోడనీడన కూర్చుని చద్దిగిన్నె మూత తీశాడు. పన్నెండు కాకముందే తోటి పనివాళ్లు చూసేసరికి అలాగే గోడకు చేరగిలి ఉన్నాడు. ముద్ద చేతిలోనే ఉంది.

శవం గేటు దాటే ముందు మెడలో కార్డు తీసుకున్నారు.

"మా అమ్మ పక్కన పెట్టనియ్యండి," అంది షీబా.

"గడ్డి ఇప్పుడే పరిసినాం గదమ్మా," అన్నాడు ధర్మేంద్ర. "అయినా అక్కడ సమాధి నేదని రాసిచ్చింది మీ నాన్నే."

ఇన్నాళ్లూ కాలనీ శవాలకు చోటిచ్చిన పక్క ఊరి సంఘం, ఇక చోటు లేదని పోయిన నెలలోనే చెప్పేసింది. శవాన్ని ఇంటికి తెచ్చారు. షీబా పెరటి వైపు చూసింది. జోగయ్య పందిరి విప్పి, బీరపాదు పీకి, పలుగు అందుకున్నాడు.

ఎండ వాలేసరికి పూడ్చడం అయిపోయింది. జాన్ గారు ప్రార్థన చేశారు. అలవాటుగా, మమ్మల్ని ఉంచిన ఈ చోటు క్షేమం, అన్నారు. ఎవరూ ఆమేన్ అనలేదు. ఆయన అక్కడే ఆపేశారు.

పీకిన పాదుకున్న లేత కాయలు జోగయ్య భార్య కోసి వండింది. షీబా, జోగయ్య, పాస్టరుగారు, ఇంకో పదిమంది, కొత్త మట్టికి ఎదురుగా వరసన కూర్చున్నారు. విస్తళ్లలో అన్నం, బీరకాయ కూర. అందరూ తిన్నారు.

కంపెనీ గోడ లోపల కొళాయి కట్టడం అందరూ మరిచిపోయారు. నీళ్లు తాగి గడ్డి ఒక మనిషి పొడవున కుంగింది. ఆ పల్లంలో, అతను వదిలిన చోటే, ఆకుపచ్చ గొట్టం ఇంకా పారుతోంది.