చక్రానికి ఎక్స్‌రే

మా ఆయన లిఫ్టు మెకానిక్. పొద్దస్తమానం పైకీ కిందకీ తిరిగే ఉద్యోగం కావడం వల్లో ఏమో, సెలవు రోజు వస్తే చాలు, ముందుకు పోవాలని ఒకటే తపన. నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. ఆ తర్వాత పరుగు పట్టుకున్నారు, ఆపైన సైకిలు. ఈ మూడింటినీ ఒకే పూట ఒకదాని వెంట ఒకటి చేయించి మనిషి ప్రాణం తోడేసే పోటీ ఒకటుందని, దాన్ని ట్రయథ్లాన్ అంటారని తెలిసిన రోజు నుంచి మా ఇంట్లో వేరే కబురు లేదు.

ఆ పోటీని ఆయన రెండుసార్లు మొదలుపెట్టారు. రెండుసార్లూ పూర్తి చేయలేకపోయారు. ఈతలో బాగానే గట్టెక్కుతారు, తంటా అంతా సైకిలు దగ్గరే. పెట్టిన గడువులోగా సైకిలు తొక్కి వెనక్కి రాకపోతే పరుగుకు వదలరు. దారికి అడ్డంగా తాడు కట్టేసి, కాలికున్న టైము చిప్పు విప్పుకుని, ఇంటికి వెళ్ళిపొమ్మంటారు. పోయినేడాది ఆయన చూస్తూ ఉండగానే ఆ తాడు కట్టారు. ఇంటికి వచ్చాక ఎవరితోనూ మాట్లాడలేదు, నాతో కూడా.

ఇక ఈ ఏడాదే ఆఖరు. ఆ మాట అన్నది నేను కాదు, ఆయన మోకాలు. నేను ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. ఆయన మోకాలికీ నేనే తీశాను. ఎముకల డాక్టరుగారు చూసి, "ఈ ఒక్క పోటీ పరిగెత్తండి. ఆ తర్వాత ఈత, సైకిలు మీ ఇష్టం. పరుగు మాత్రం మర్చిపోండి" అన్నారు. బయటికి వచ్చాక మా ఆయన మెట్ల మీద కూర్చుండిపోయారు. కాసేపటికి తలెత్తి, "అయితే ఈసారి సైకిలు మీదే టైము మిగుల్చుకోవాలి. మంచి చక్రాలు కొనాలి" అన్నారు. మోకాలు పోయిందని బాధపడాల్సిన మనిషి చక్రాలంటుంటే నాకు ఒళ్ళు మండింది. మొహం చూశాక ఇంకేమీ అనలేకపోయాను.

అప్పటి నుంచి ఇంట్లో చక్రాల పురాణమే. మామూలు చక్రానికి అంచు సన్నం, ఊచలు పొడుగు. ఆ ఊచలు గాలిని కవ్వంలా చిలుకుతూ మనిషి కష్టమంతా తినేస్తాయట. పోటీ చక్రానికి అంచు లోతుగా ఉంటుంది, గాలి దాని పక్కల నుంచి జారిపోతుందట.

"అంత లోతు మంచిదైతే పళ్ళెంలా మొత్తం మూసేయొచ్చుగా?" అన్నాను వెటకారంగా.

"వెనక చక్రానికి మూస్తారు. ముందుదానికి మూస్తే పక్కగాలికి హ్యాండిల్ లాగేస్తుంది," అని ఎంతో శ్రద్ధగా వివరించారు. నా వెటకారం గోడకు చెప్పినట్టయింది.

పేరున్న కంపెనీ కొత్త చక్రాల ధర వింటే మా స్కూటరు సిగ్గుతో చచ్చిపోయేది. ఊరూ పేరూ లేని చవక రకాలు నెట్లో బోలెడు ఉన్నాయి. "తాడు ఎవడు పేనాడో తెలియని లిఫ్టు నేను ఎక్కను" అని వాటిని పక్కన పెట్టారు. పాత చక్రానికే ప్లాస్టిక్ మూత బిగించి చూశారు. అది వీధి మలుపు తిరగక ముందే డబ్బాలో రాళ్ళు పోసినట్టు చప్పుడు చేసింది. చివరికి, మంచి కంపెనీవి ఎవరైనా వాడి అమ్మేస్తుంటే తీసుకుందామనుకున్నారు. జనమంతా డిస్కు బ్రేకులకు మారిపోవడంతో, అంచును పట్టి ఆపే పాత రకం బ్రేకుల చక్రాలను అడిగేవాళ్ళు లేరు. మా సైకిలుది ఆ పాత రకమే.

"మన పాతదనం మనకి కలిసి రావడం ఇదే మొదటిసారి," అని తెగ సంబరపడిపోయారు.

అమ్మే ఆయన పళ్ళ డాక్టరు. క్లినిక్కు వెనక గదిలో, పళ్ళ అచ్చుల బీరువా పక్కన, చక్రాలు రెండూ గోడకు వేలాడుతున్నాయి. నల్లటి కార్బన్ చక్రాలు. ముందుదాని అంచు నాలుగు వేళ్ళ లోతు, వెనకది అరచేయంత. మా ఆయన ముందుదాన్ని ఎత్తి పట్టుకున్న తీరు చూస్తే, మా అబ్బాయి పుట్టినప్పుడు కూడా అంత భద్రంగా పట్టుకోలేదనిపించింది.

"ఎక్కడైనా పడ్డాయా ఇవి?" అని అడిగాను.

"ముందుది ఒకసారి గుంతలో పడిందమ్మా. టైరు పోయింది గానీ చక్రానికేం కాలేదు. అయినా పన్ను పీకించుకునేవాళ్ళు కూడా నన్ను ఇన్ని ప్రశ్నలు అడగరు!" అన్నాడాయన.

మా ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఏమీ కాలేదంటూ కుంటుకుంటూ వచ్చేవాళ్ళను రోజూ చూస్తూనే ఉంటాను.

వాటిని కొని తెచ్చిన మర్నాడు పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందు, ఆ చక్రాలను దుప్పట్లో చుట్టి ఆసుపత్రికి పట్టుకెళ్ళాను. తెలిస్తే నా ఉద్యోగానికే ఎసరు. ముందు చక్రాన్ని బల్ల మీద పడుకోబెట్టి, చిన్నపిల్లల వేళ్ళకు పెట్టేంత తక్కువ కిరణాలు పెట్టి, చుట్టూ తిప్పుతూ ముక్కలు ముక్కలుగా తీశాను. వెనకదానికీ అలాగే తీశాను. అంతలో వరండాలో స్ట్రెచరు చప్పుడైంది. చక్రాలను కిరణాలు ఆపే సీసపు కోట్ల వెనక్కి తోసేసి, ఏమీ ఎరగనట్టు తలుపు తీశాను.

ఖాళీ దొరికాక బొమ్మలు చూశాను. ముందు చక్రంలో అడ్డంగా ఒక నల్లటి గీత ఉంది. ఎముకలో అలాంటి గీత కనిపిస్తే ఎవరినీ అడగక్కర్లేదు. మా ఆయనకు ఫోన్ చేసి ఆ చక్రం ఎక్కితే ఊరుకోనన్నాను. ఆయన పళ్ళ డాక్టరుకు చేశారు. ఆ డాక్టరు పడీపడీ నవ్వి, అది పొరల అతుకని, ప్రతి కార్బన్ చక్రానికీ ఉంటుందని, గాలి కొట్టే రంధ్రానికి సరిగ్గా ఎదురుగా వెతకమని చెప్పాడు. చూస్తే వెనక చక్రంలోనూ అదే చోట అదే గీత. నా పరువు గంగలో కలిసింది.

"చక్రాల డాక్టరమ్మగారూ, కాస్త మంచినీళ్ళు," అని మా ఆయన పోటీ రోజు దాకా ఏడిపిస్తూనే ఉన్నారు. నేనూ నవ్వేసి ఊరుకున్నాను.

పోటీ రోజున కొండ మీద, దిగుడు మొదలయ్యే చోట నిలబడ్డాను. అక్కడ మంచినీళ్ళ బల్ల దగ్గర పోటీ నడిపేవాళ్ళ తరఫున ఒకావిడ ఉంది. అక్కడి నుంచి రోడ్డు కింది దాకా ఒకటే జారుడు, అడుగున మెలి తిరుగుతుంది. ఎక్కేటప్పుడు ఆయాసపడుతూ వచ్చిన సైకిళ్ళు మా ముందు నుంచి చువ్వల్లా దూసుకుపోతున్నాయి. మా ఆయన ఈతలోంచి త్వరగానే బయటపడ్డారని తెలిసింది. పోయినేడాది ఆయన ఈ చోటికి చేరిన టైము కావడానికి ఇంకా చాలాసేపు ఉంది. ఈసారి గడువు దాటరని నాకు నమ్మకం కుదిరింది.

నా ఉద్యోగం ఏమిటో తెలియగానే బల్ల దగ్గర ఆవిడ కట్టు కట్టిన వేలు నా ముందు పెట్టింది. ఎక్స్‌రే తీసేవాళ్ళం కనబడితే అందరికీ ఏదో ఒక నొప్పి గుర్తొస్తుంది.

"మొదట తీసినప్పుడు ఏమీ లేదన్నారండీ! ఈ వేలితోనే బట్టలుతికా, బండలు తుడిచా. వాపు తగ్గకపోతే ఇంకో చోటికెళ్ళా. అక్కడ చెయ్యి పక్కకి తిప్పి తీస్తే, నిలువునా బీట!"

"ఒక్కవైపు నుంచి తీస్తే కనబడదండీ. రెండు వైపులా తీయాలి. అది మాకు నేర్పే మొదటి పాఠం," అంటూ ఉండగానే నా నోరు ఆగిపోయింది.

చక్రాన్ని పడుకోబెట్టి తీశాను. నిలబెట్టి తీయలేదు. స్ట్రెచరు వచ్చింది, ఆ తర్వాత ఆ దిక్కుమాలిన గీత గొడవలో పడి అసలు పని సగంలోనే ఉందని మర్చిపోయాను. గుంత దెబ్బకు పొర పొరా విడిపోయి ఉంటే, పడుకోబెట్టి తీసిన బొమ్మలో అది జన్మలో కనబడదు.

"మెకానిక్ ఎవరైనా ఉన్నారా ఇక్కడ?" అన్నాను.

"కింద ఉన్నాడండీ, తాడు దగ్గర. ఏమైంది?"

ఆయన కొండెక్కి వస్తున్నారు. హెల్మెట్ కింద మొహం ఎర్రబడి ఉంది, కానీ నవ్వుతున్నారు. నన్ను చూసి ఒక చెయ్యెత్తారు కూడా. ఆపితే ఆయన పోటీ పోతుంది, ఇంకో ఏడాది లేదు. ఆపకపోతే, ఆ దిగుడులో ముందు చక్రం విచ్చుకుంటే, మనిషే ఉండరు. ఇదివరకే ఒకసారి గగ్గోలు పెట్టి నవ్వులపాలయ్యాను. ఇప్పుడూ అదే అయితే? దేవుడా, ఏం చెయ్యను అనుకుంటూనే రోడ్డు మీదికి వెళ్ళిపోయాను.

"రోడ్డు మీదికి రాకూడదండీ!" అని ఆవిడ వెనక నుంచి అరుస్తోంది.

కీచుమని బ్రేకు వేసి ఆగారు. "ఏమైంది? పిల్లాడికేమైనా..."

"పిల్లాడు బాగానే ఉన్నాడు. ముందు చక్రమండీ. పడుకోబెట్టి తీశాను గానీ నిలబెట్టి తీయలేదు. లోపల పొర విడిపోయుంటే నాకు కనబడి ఉండదు. ఇప్పుడే గుర్తొచ్చింది."

ఆయన దిగారు. సైకిలు ముందు భాగం ఎత్తి, చక్రాన్ని తిప్పుతూ అంచు చుట్టూ గోటితో కొట్టి విన్నారు. గాలి హోరులో ఏం వినిపిస్తుంది? బొటనవేలితో నొక్కారు. అది రాయిలా గట్టిగా ఉంది. పక్క నుంచి ఇద్దరు తప్పుకోమని అరుస్తూ కిందికి దూకారు. ఆయన వాళ్ళ వంక, వాచీ వంక, మళ్ళీ నా వంక చూశారు.

"నీకు తెలుసా? భయమా?"

అబద్ధం చెప్పే సమయం కాదు. "భయమే. తెలిస్తే ఇలా చెబుతూ నిలబడతానా, సైకిలు లాక్కునేదాన్ని."

"సరే."

"పోనీ బ్రేకు పట్టుకుని మెల్లగా దిగండి," అన్నాను. నాకు ఏడుపు ఆగడం లేదు.

"బ్రేకు పట్టేది ఆ అంచునే కదా. దాని మీదే కదా నీ భయం." అని వంగి, అడుగున ఇనుప బిళ్ళలున్న ఆ సైకిలు బూట్లు విప్పి, హ్యాండిల్‌కు తగిలించుకున్నారు. సైకిలు పట్టుకుని ఉత్త కాళ్ళతో నడవడం మొదలుపెట్టారు.

నేను ఆయన సైకిలు మీద సాయానికి చెయ్యి వేసినా ఆయన్ను పోటీలోంచి తప్పిస్తారు. అందుకని రోడ్డుకు ఈ పక్కన నేను, ఆ పక్కన ఆయన దిగాం. మా మధ్య నుంచి ఒకరి తర్వాత ఒకరు దూసుకుపోతున్నారు. ఈతలో ఆయన వెనక పడ్డవాళ్ళు, లావుపాటివాళ్ళు, ఆయనకంటే పెద్దవాళ్ళు, అందరూ వెళ్ళిపోయారు. ఒకాయన వెళుతూ వెళుతూ "పంక్చరా అన్నా?" అని జాలిగా అడిగాడు. మా ఆయన చెయ్యూపారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తారు వేడికి మధ్యమధ్య ఆయన మడమలెత్తి నడుస్తుంటే, అటు చూడలేక నేలను చూస్తూ నడిచాను. మెలి దాటాక బూట్లు తొడుక్కుని, చదును రోడ్డు మీద వృద్ధుడిలా మెల్లగా తొక్కుకుంటూ పోయారు.

నేను చేరేసరికి తాడు కట్టేసి ఉంది. ఆయన కాలిబాట అంచున కూర్చుని ఉన్నారు. చిప్పు విప్పేసిన చోట చీలమండ చుట్టూ తెల్లటి చార మిగిలింది. పక్కన కూర్చున్నాను. మంచినీళ్ళ సీసా ఇచ్చారు. నేను ఆపిన దాని గురించి ఒక్క మాట కూడా అనలేదు, దారిలో గానీ, ఇంట్లో గానీ.

సోమవారం చక్రం పట్టుకెళ్ళాను. ఈసారి దొంగచాటుగా కాదు, మా ఎక్స్‌రే విభాగం పెద్దావిడను అడిగి మరీ తీశాను. నిలబెట్టి, ఏటవాలుగా పెట్టి, అంగుళం అంగుళం తిప్పి తీశాను. బొమ్మల మీద కళ్ళు కాయలు కాచేలా వెతికాను. ఎక్కడో ఒకచోట వెంట్రుకంత బీట కనబడాలని నా మనసు కొట్టుకుంది. ఒక మంచి వస్తువులో లోపం ఉండాలని అంతగా ఎప్పుడూ కోరుకోలేదు. లేదు. చక్రం నిక్షేపంలా ఉంది.

ఇంటికి వెళ్ళే దారంతా ఒకటే ఆలోచన. ఉందని చెప్పేస్తే? చక్రాన్ని పారేస్తాం, ప్రాణం దక్కిందనుకుంటాం. చచ్చేదాకా ఆయన నన్ను మెచ్చుకుంటూనే ఉంటారు. బొమ్మలు చూపించమని కూడా అడగరు.

ఆయన వరండాలో కూర్చుని సైకిలు గొలుసు తుడుస్తున్నారు. తలెత్తకుండానే అడిగారు.

"ఉందా?"

"లేదు."

చేతిలో గుడ్డ ఆగింది. ఆ గొలుసును మళ్ళీ మొదటి నుంచి తుడిచారు.

"ఉందని చెప్పేయాల్సింది," అన్నారు చివరికి. "నువ్వు చెబితే నేను నమ్మేవాణ్ణి కదా."

"నమ్ముతారనే చెప్పలేదండీ."

ఆయన లేచి, నా తల మీద ఒకసారి చెయ్యి పెట్టి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళారు. నా తల మీద గొలుసు నూనె వాసన మిగిలింది. పంపు తిప్పిన చప్పుడైంది, ఎంతకీ ఆగలేదు. నేను ఆ చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను.