బండి జ్వరం

పొద్దున పది గంటల నలభై నిమిషాలకు కోడలు చేతిలోని చొక్కా పక్కన పెట్టి, అత్తగారి నాలుక కింద థర్మామీటరు ఉంచింది. కాసేపాగి తీసి, కిటికీ వెలుతురుకు తిప్పి చూసింది. నూట మూడు. వెంటనే భర్తకు ఫోను చేసింది.

"నూట మూడు. పక్కకు ఆపండి."

"ఎత్తు సగమే ఎక్కాను. వెనక నాలుగు బళ్ళున్నాయి."

"అత్తయ్య పెదాలు ఎండిపోతున్నాయి."

"సరే సరే, ఆపుతున్నా."

అరవై కిలోమీటర్ల అవతల లారీ ఆగింది. ఇక్కడ మంచం మీద ముసలావిడ ఒళ్ళు మాత్రం వెంటనే చల్లబడలేదు. నూట నాలుగు దాకా వెళ్ళి, అరగంటకు గానీ దిగలేదు. కోడలు తడిగుడ్డ పిండి ఆరేసి మళ్ళీ చొక్కా అందుకుంది. ఒక చొక్కాల ఫ్యాక్టరీకి ఆమె ఇంట్లోనే కాజాలు కుట్టి, బొత్తాలు వేసి ఇస్తుంది. ఆ వేళకు ఆరు చొక్కాలు కావాలి. నాలుగే అయ్యాయి.

లారీ వేడెక్కితే తల్లికి జ్వరం రావడం బండి కొన్న రోజు నుంచీ ఉన్నదే. పదకొండేళ్ళయింది. అంకె కూడా ఒకటే. ఇంజను నీళ్ళ వేడి సెల్సియస్‌లో వంద దాటితే ఎంత దాటిందో, తల్లి ఒంటి వేడి ఫారన్‌హీట్‌లో సరిగ్గా అంతే. రెండో ఏడు డ్యాష్‌బోర్డు మీద వేడి చూపించే ముల్లు చచ్చిపోయింది. ఎవరూ దాన్ని బాగుచేయించలేదు. "ఇంట్లో అమ్మ ఉండగా ముల్లెందుకు?" అన్నాడు కొడుకు. మెకానిక్కూ అది సబబే అన్నాడు. ముల్లు ఒక్కోసారి తప్పు చూపిస్తుంది, అమ్మ చూపించదు.

కాకపోతే అమ్మకు డెబ్బై రెండేళ్ళు వచ్చాయి. ఇంజను బెల్టుతో తిరిగే ఫ్యాను అరిగిపోయి, ఈ మధ్య బండి చిన్న ఎత్తుకే వేడెక్కుతోంది. వీధి చివర ఉండే నర్సు వచ్చి నాడి చూసింది.

"ఈ వయసులో రోజుకు మూడు జ్వరాలంటే గుండె ఎన్నాళ్ళు మోస్తుంది? నేనివ్వడానికి మందేం లేదు. ముందు ఆ బండికి వైద్యం చేయించండి," అని చెప్పి వెళ్ళిపోయింది.

కొడుకు పాత ఫ్యాను తీయించి, రెండు కరెంటు ఫ్యాన్లు బిగించాడు. ఇక వాటిని ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడు ఆపాలో చెప్పే పెట్టె కావాలి. అది కొనడానికి తల్లినీ వెంటబెట్టుకు వెళ్ళారు. వాడేది ఆవిడే కదా.

విడిభాగాల కొట్టాయన్ని అందరూ గ్యారంటీ అంటారు. ఏ వస్తువుకూ ఇవ్వడు కనుక ఆ పేరు. ఆయన పెద్దావిడకు కుర్చీ వేయించి, బల్ల మీద మూడు పెట్టెలు వరసగా పెట్టాడు.

"ఇది చవక. వంద దగ్గర ఒక్కసారిగా వేస్తుంది, తొంభై దగ్గర ఒక్కసారిగా ఆపుతుంది. అంతకుమించి దానికి బుర్ర లేదు."

"అంటే అత్తయ్యకు రోజంతా జ్వరం రావడం, పోవడం, రావడం, పోవడం. అంతేగా?" అంది కోడలు.

"అంతే. ఇదిగో, ఈ రెండోదానికి మీట ఉంది. ఎంత వేడికి కావాలంటే అంతకు తిప్పుకోవచ్చు. కానీ ఇది మోసేది ముప్పై ఆంపియర్లే. మీ రెండు ఫ్యాన్లూ మొదలయ్యేటప్పుడు యాభై లాగుతాయి."

"లాగితే?" అన్నాడు కొడుకు.

"ఎత్తు మధ్యలో పెట్టె మాడి ఊరుకుంటుంది. తర్వాత మీ అమ్మ."

కోడలు ఆ పెట్టెను బల్ల చివరికి నెట్టేసింది.

"ఇక ఇది. మెల్లగా మొదలుపెట్టి, వేడిని బట్టి వేగం పెంచుతుంది. వేడిని పసిగట్టే దీని కొన రేడియేటరు నీళ్ళలో మునిగి ఉంటుంది. ఈ చిన్న అద్దంలో అంకె కనిపిస్తుంది. ఏ రోజు ఎక్కువలో ఎక్కువ ఎంత వేడెక్కిందో గుర్తుపెట్టుకుంటుంది కూడా. వైరు నేరుగా బ్యాటరీకే. తాళం తీసేశాక కూడా తిరుగుతుంది."

"బండి ఆగాక ఇంకెందుకు తిరగడం? బ్యాటరీ తినడానికా?" అన్నాడు కొడుకు.

"ఒరే, నీకేం తెలుసురా!" అంది తల్లి కుర్చీలోంచి. "నువ్వు తాళం తీశాకే నాకు ఎక్కువయ్యేది. పదకొండేళ్ళుగా పడుతున్నాను."

గ్యారంటీ తల ఊపాడు. "అమ్మ చెప్పిందే నిజం. ఇంజను ఆగితే నీళ్ళ పరుగు ఆగిపోతుంది. ఇనుములో ఉన్న వేడంతా ఆ నిలవ నీళ్ళలోకి దిగుతుంది."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమమ్మా?"

"అప్పటికి నువ్వు దిగి టీ తాగుతుంటావు. తాగనీలే పాపం అనుకునేదాన్ని."

కొడుకు మూడో పెట్టె చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"దీనికైనా గ్యారంటీ ఉందా?"

"మీ అమ్మకుందా?"

అందరికంటే ముందు తల్లే నవ్వింది.

పెట్టె బిగించాక మూడు వారాలు ఇంట్లో ఎవరూ థర్మామీటరు ముట్టుకోలేదు. లారీ రోజూ ఎత్తు ఎక్కి దిగుతున్నా ముసలావిడ మధ్యాహ్నాలు గుర్రు పెట్టి నిద్రపోయింది. కోడలు రోజుకు పది చొక్కాలు ఎక్కువ చేసింది. నాలుగో వారం మొదట్లో ఒక రోజు, ఒంటిగంటన్నరకు, అత్తగారికి మంచినీళ్ళు అందిస్తుంటే చేతికి వేడి తగిలింది. నూట రెండు.

"ఆపండి," అంది ఫోనులో.

లారీ ఆగింది. కాసేపటికి భర్తే చేశాడు. "అద్దంలో తొంభై ఒకటే ఉందే! ఫ్యాన్లు మెల్లగా తిరుగుతున్నాయి. బానెట్ ఎత్తి చూశా, ఆవిరి కూడా లేదు."

"ఇక్కడ నూట మూడయింది."

"అయితే ఆ అద్దం అబద్ధం చెబుతోంది. కొన పాడైనట్టుంది. అనుకుంటూనే ఉన్నా."

బానెట్ తెరిచిపెట్టి రెండు గంటలు రోడ్డు పక్కన నిలబడ్డాడు. అమ్మ జ్వరం దిగలేదు. పెట్టెనూ, దాన్ని అమ్మినవాణ్ణీ తిట్టుకుంటూ చీకటి పడకముందే ఇల్లు చేరాడు. మర్నాడు పొద్దున్నే లారీని యార్డులో వైరు మేస్త్రికి అప్పగించి, కొత్త కొన కోసం గ్యారంటీ కొట్టుకు బయలుదేరాడు.

మధ్యాహ్నం రెండింటికి తల్లికి నూట నాలుగు. మాట తడబడుతోంది. కోడలు మేస్త్రికి ఫోను చేసింది.

"బాబాయ్, బండి అంతగా వేడెక్కించారేం? కాస్త ఆపండి."

"వేడెక్కించడమేంటమ్మా? పొద్దున్నే బ్యాటరీ వైరు పీకేశాను, నీళ్ళన్నీ దించేశాను. రాయిలా పడుంది."

కోడలు ఫోను పెట్టేసి అత్తగారి వైపు చూస్తూ నిలబడిపోయింది. పదకొండేళ్ళలో ఈ మనిషికి సొంత జ్వరం ఒకటి రావచ్చని ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఒక్క మాత్ర ఇవ్వలేదు. తను తడిగుడ్డతో సరిపెట్టిన జ్వరాల్లో ఎన్ని బండివి? ఎన్ని ఈవిడవి?

మూడింటికల్లా ఆసుపత్రిలో ఉన్నారు. కొడుకు కొట్టు నుంచి అటే పరిగెత్తుకొచ్చాడు. డాక్టరు రాసుకుంటూ అడిగాడు.

"ఎప్పటి నుంచి?"

"నిన్న మధ్యాహ్నం నుంచి," అంది కోడలు.

"ఇప్పుడా తీసుకురావడం?"

"బండిదనుకున్నామండీ."

"ఏ బండి?"

"ఆరు చక్రాల లారీ."

డాక్టరు అదీ రాసుకున్నాడు. మూత్రంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నాడు. నిన్ననే తెచ్చుంటే సూదితో పోయేదన్నాడు. ఇప్పుడు ఎక్కించే మందు పట్టు దొరకబుచ్చుకోవడానికి రేపు పొద్దుటి దాకా పడుతుంది, అంతవరకూ ఈ వేడికి గుండె నిలబడాలి, నిలబడుతుందని తను మాటివ్వలేనన్నాడు.

కొడుకు మంచం కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "అద్దం నిజమే చెప్పింది," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "తొంభై ఒకటి అని చెబుతూనే ఉంది. నేనే నమ్మలేదు." లారీ తాళంచెవి చేతిలోనే ఉంది. అరచేతిలో దాని అచ్చు పడింది.

నాలుగూ ఇరవైకి తల్లి కళ్ళు తెరవకుండానే కోడల్ని అడిగింది.

"ఎక్కడిదే ఈ గాలి?"

వార్డులో కిటికీలు మూసి ఉన్నాయి. పైన ఫ్యాను చెడిపోయి రెక్కలు తీసేసి ఉన్నాయి. అయినా ముసలావిడ నుదుటి మీద తెల్లవెంట్రుకలు నాలుగు మెల్లగా కదిలాయి. కాసేపటికి ఇంకాస్త జోరుగా కదిలాయి. కోడలు చున్నీ కొనతో ఆవిడ మెడ మీది చెమట తుడిచింది. అయిదింటికి నూట మూడు. ఆరింటికి నూట ఒకటి. ఏడింటికి వెంట్రుకలు కదలడం ఆగిపోయింది. అప్పటికి తొంభై తొమ్మిది. డ్యూటీ నర్సు కాగితం మీద ఆ అంకెలు వేసుకుని, రెండు థర్మామీటర్లు మార్చి చూసి, డాక్టర్ని పిలిచింది. ఇంత త్వరగా మందు పనిచేయదే అన్నాడాయన.

ఎనిమిదో రోజు తల్లి ఇంటికొచ్చింది. తొమ్మిదో రోజు కొడుకు లారీ తెచ్చుకోవడానికి యార్డుకు వెళ్ళాడు. తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేదు.

"బ్యాటరీ చచ్చిందయ్యా," అన్నాడు వైరు మేస్త్రి. "నువ్వు వదిలి వెళ్ళిన రోజే. నాలుగూ ఇరవై అయింది, పని ముగించి ఇంటికి పోదామని వైరు తగిలించాను. తాళం లేదు, ఏం లేదు, ఫ్యాన్లు వాటంతటవే మొదలయ్యాయి. ముందు మెల్లగా, తర్వాత విమానంలా. కాసేపటికి అవే ఆగుతాయిలే అని వదిలేసి ఇంటికి పోయాను. ఏడింటిదాకా తిరిగి ఆగిపోయాయని కాపలా ఆయన చెప్పాడు. నీ పెట్టెకు పిచ్చెక్కిందనుకున్నా. కొన తీసి చూశా, నిక్షేపంగా ఉంది."

ఛార్జింగు పెట్టాక చిన్న అద్దం వెలిగింది. కొడుకు మీట నొక్కుకుంటూ వెనక్కి వెళ్ళి ఆ తేదీ దగ్గర ఆగాడు. ఆ రోజు నమోదైన గరిష్ఠ వేడి నూట నాలుగు. మేస్త్రి రేడియేటరులో నీళ్ళు తిరిగి పోసింది మర్నాడు పొద్దున.